‘ఒక్క నిమిషం ఆగన్నా’ అనగలరా?

ముందుగా ఒక ప్రశ్న. గడిచిన వారం రోజుల్లో పని చోట మీరు ఎవరితోనైనా "వద్దు" అన్నారా? "నాకు తెలీదు, చూపించండి" అన్నారా? "ఒక్క నిమిషం ఆగన్నా, ఇది సరిగా లేదు" అన్నారా? అని ఉంటే, ఆ తర్వాత ఏమైంది? మర్నాడు ఆ మనిషి మీతో మామూలుగానే మాట్లాడాడా, ముఖం తిప్పుకున్నాడా?

జవాబు మనసులో ఉంచుకోండి. పని చోట ఏ బంధం మంచిదో, ఏది చెడ్డదో తేల్చుకోవడానికి నాకు తెలిసిన కొలత అదే. నవ్వుతూ మాట్లాడేవాళ్ళందరూ మనవాళ్ళు కారు. గట్టిగా కసిరేవాళ్ళందరూ పగవాళ్ళు కారు. మీరు "వద్దు" అన్నాక కూడా నిలిచే బంధం ఆరోగ్యంగా ఉన్నట్టు. మీరు తలూపినంత కాలమే నిలిచేదైతే దానికి జబ్బు చేసినట్టు.

కువైట్‌లోని అహ్మదిలో బతికేవాళ్ళకు ఈ ప్రశ్న మరీ ముఖ్యం. ఈ పక్కనే ఉన్న బుర్గాన్‌లో 1938లో చమురు పడింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1946లో చమురు నింపుకున్న మొదటి ఓడ ఇక్కడి తీరం నుంచి బయల్దేరింది. ఆ చమురు కోసమే కట్టిన ఊరు ఇది. అప్పటి పాలకుడు షేక్ అహ్మద్ అల్ జాబర్ పేరే పెట్టారు. ఊరి పటం గీసినవాడు జేమ్స్ మాలిసన్ విల్సన్ అనే బ్రిటిష్ ఆర్కిటెక్ట్. ఉత్తరాన పెద్ద హోదా ఉన్న తెల్లవాళ్ళ ఇళ్ళు. మధ్యలో గుమాస్తాలుగా, పనివంతులుగా వచ్చిన భారతీయులు, పాకిస్తానీలు. దక్షిణాన కూలి పనికి వచ్చిన అరబ్బులు. ఎవరి పక్కన ఎవరు ఉండాలో హోదాను బట్టి కాగితం మీద ముందే గీసేశారు.

ఆ గీతలు నేల మీద చాలావరకు చెరిగిపోయాయి. మాటల్లో మాత్రం ఇంకా కాలికి తగులుతూనే ఉంటాయి. ఫోర్మన్‌ను హెల్పర్ అడగకూడదు. ఇంజినీరును ఫోర్మన్ అడగకూడదు. కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని, ఎవరూ అడగకూడదు. ఇది రాసి పెట్టిన రూలు కాదు, అయినా అందరూ పాటిస్తారు.

పైగా, ఇక్కడ పని చోటుకూ ఇంటికీ మధ్య గోడ లేదు. హైదరాబాదులో ఆఫీసులో ఒకడితో పడకపోతే సాయంత్రం బస్సెక్కి మరిచిపోవచ్చు. ఇక్కడి మంగాఫ్‌లోనో, మహబూలాలోనో అయితే మీతో పడని మనిషి మీ పై బెడ్డు మీదే పడుకుంటాడు. అదే మెస్, అదే బాత్రూము లైను, తెల్లారకముందే అదే బస్సు. మరి మాట పట్టింపును ఎక్కడ దింపుకుంటారు?

ఇద్దరు ఫోర్మన్‌ల కథ

నేను సైట్లలో సేఫ్టీ పని చేసిన రోజుల్లో కళ్ళారా చూసింది చెబుతాను. పరంజాకు ఆకుపచ్చ ట్యాగ్ ఉంటే ఎక్కొచ్చు, ఎర్ర ట్యాగ్ ఉంటే ఎక్కకూడదు. మొదటి రోజే అందరికీ నేర్పే పాఠం ఇది. రాయచోటి వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు నిచ్చెన దగ్గర ఆగిపోయి, "అన్నా, ఎర్ర ట్యాగ్ ఉంది" అన్నాడు. ఫోర్మన్‌కు తొందర. "నిన్నగాక మొన్న వచ్చి నువ్వు నాకు నేర్పుతావా? యల్లా, ఎక్కు!" అన్నాడు. కుర్రాడు ఎక్కాడు. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. కానీ ఆ నెలంతా అత్యంత మురికి పని వాడికే పడింది. ఆ తర్వాత ఆ గ్యాంగులో ఎవరూ దేన్నీ చూసి నోరు విప్పలేదు. కళ్ళు చూస్తాయి, నోరు పలకదు. అంతకంటే ప్రమాదమైన సైటు ఉంటుందా?

ఇంకో ఫోర్మన్‌కూ ఇలాంటి సందర్భమే ఎదురైంది. ఆయన ట్యాగ్ చూశాడు, పరంజా కట్టేవాళ్ళను పిలిపించాడు, అరగంట పని ఆపించాడు. ఇంతవరకు చాలామంది చేస్తారు. ఆయన మాత్రం మర్నాడు పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో, అంటే పని మొదలయ్యే ముందు భద్రత గురించి మాట్లాడుకునే చోట, ఆ ట్యాగ్ సంగతి చెప్పిన హెల్పర్‌ను ముందుకు పిలిచి, "నిన్న నేను చూడలేదు, వీడు చూశాడు" అని అందరి ముందూ చెప్పాడు. ఆ ఒక్క వాక్యంతో ముప్పై మందికి నోరొచ్చింది.

ఇద్దరూ మనవాళ్ళే. ఇద్దరికీ పని వచ్చు. తేడా ఎక్కడుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇప్పుడు మనం చేయగలిగినవి చూద్దాం.

1. ‘ఆగు’ అనడానికి మాటలు ముందే సిద్ధం చేసుకోండి

అప్పటికప్పుడు మాటలు రావు. కంగారులో "నీకు కళ్ళు లేవా?" అనేస్తాం, లేదంటే నోరు మూసుకుంటాం. రెండూ తప్పే. మనిషిని వేలెత్తి చూపకుండా వస్తువును చూపించండి. "అన్నా, ట్యాగ్ ఒకసారి చూద్దామా?" "సార్, ఈ పర్మిట్‌లో నిన్నటి తేదీ ఉంది." పక్కన ఈజిప్టు ఫోర్మన్ ఉంటే "లౌ సమహ్త్" అని మొదలుపెట్టండి. దయచేసి అని దానర్థం. బెంగాలీ, మలయాళీ, నేపాలీ సోదరుల దగ్గర "భాయ్, ఏక్ మినిట్" చాలు. అద్దం ముందు నాలుగుసార్లు అనుకోండి. సిగ్గుపడకండి, నేనూ అలాగే నేర్చుకున్నాను.

ఎక్కువమంది చేసే తప్పు ఏంటంటే, సైటులో మాట్లాడాల్సింది మాట్లాడకుండా రాత్రి గదిలో పది మంది ముందు చెప్పుకోవడం. అది అవతలివాడికి చేరేసరికి మీరు అన్నది ఒకటి, ఆయన విన్నది ఇంకొకటి.

2. కృతజ్ఞత వేరు, తాకట్టు వేరు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. నా అనుభవంలో అహ్మదిలో మన తెలుగువాళ్ళ మధ్య ఎక్కువగా పాడయ్యే బంధం ఇదే.

మీకు వీసా ఇప్పించినవాడు మీ ఊరివాడే. మేనమామో, వరసకు అన్నో. ఆయన మాట పట్టుకునే మీరు విమానం ఎక్కారు. మొదటి నెల ఆయన గదిలోనే పడుకున్నారు, ఆయన పెట్టిన అన్నమే తిన్నారు. ఆ మేలు మరవకూడదు. మరి మూడో ఏడు కూడా శుక్రవారం పూట ఆయన బట్టలు మీరే ఉతుకుతున్నారా? ఆయన చెప్పినవాళ్ళ దగ్గరే చిట్టీ వేస్తున్నారా? వేరే చోట మంచి పని దొరికితే, "నేను లేకపోతే నువ్వు ఊళ్ళో గొర్రెలు కాసుకునేవాడివి" అన్న మాటకు తలదించుకుని ఆగిపోయారా?

ఎవరైనా చేసిన మేలును నెలకోసారి గుర్తుచేస్తున్నారంటే వడ్డీ వసూలు చేస్తున్నారన్నమాట. దీనికి గొడవ పడక్కర్లేదు. ఆయనకు ఇవ్వాల్సిన డబ్బు ఉంటే కాగితం మీద లెక్క రాసి, నెలనెలా ఇచ్చి, ఇద్దరూ సంతకం పెట్టుకోండి. లెక్క తీరిన రోజున స్వీటు కొనిపెట్టండి. ఇంటికి ఫోన్ చేసి, "మామ నాకు దారి చూపించాడు" అని అందరికీ వినిపించేలా చెప్పండి. గౌరవం అంతా ఇవ్వండి. ఆ తర్వాత మీ నిర్ణయాలు మీరే తీసుకోండి. "మామా, మీరు చేసింది జన్మలో మరవను. ఈ పని మాత్రం నేను చూసుకుంటా." ఈ వాక్యం చెప్పాక కూడా మామగా మిగిలితే ఆయన నిజంగా మామే.

మీరు ఎవరికైనా దారి చూపించారా? అయితే పై మాటలే ఇంకోసారి, ఆ మామ స్థానంలో నిలబడి చదవండి.

3. స్నేహానికి జామీను సంతకం పెట్టకండి

"మనోడే కదా" అని అప్పుకు జామీనుగా సంతకం పెట్టి, మనోడు సెలవు మీద వెళ్ళి తిరిగి రాకపోతే ఆ బాకీ మీ మెడకు చుట్టుకుంటుంది. అప్పిచ్చినవాళ్ళు కోర్టుకు వెళితే మీ మీద ప్రయాణ నిషేధం కూడా పడొచ్చు. చెల్లెలి పెళ్ళికి వెళ్దామని ఎయిర్‌పోర్టుకు వెళ్ళాక అది బయటపడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. చేతిలో ఉన్నది పది దినార్లయినా ఇవ్వండి, తిరిగి రాదనుకునే ఇవ్వండి. సంతకం మాత్రం వద్దు. దానికోసం తెగిపోయే స్నేహమైతే అది మీ సంతకంతో చేసిన స్నేహం.

4. ఎండలో పంచాయితీ పెట్టకండి

కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీల ఎండ నమోదైంది. అంత ఎండలో ఎవరి మాటైనా చేదుగానే వస్తుంది. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని చేయించడం ఇక్కడ నిషేధం. పనికే పనికిరాని వేళ తగువుకు పనికొస్తుందా? ప్రాణానికి సంబంధించినదైతే అప్పుడే ఆపండి. మిగతావన్నీ నీళ్ళు తాగి, స్నానం చేసి, తిన్నాక మాట్లాడండి. నేను చూసిన కొట్లాటల్లో చాలావాటికి ఎండే సగం కారణం, మిగతా సగం నిద్రలేమి.

5. గదిలో మాట గదిలోనే ఉండాలి

ఇక్కడ రాత్రి ఒకడు భార్యతో ఫోన్‌లో అంటాడు: "పక్క బెడ్డువాడు ఈ నెల డబ్బు పంపలేదట, తాగేశాడట." అరగంటలో అది రాజంపేటలో వాడి అత్తగారింటికి చేరుతుంది. తెల్లారేసరికి వాడి భార్య ఏడుస్తూ ఫోన్ చేస్తుంది. అసలు సంగతి జీతం ఆలస్యమవడం. ఒక్క మాటకు సముద్రం అవతల ఒక సంసారం కదిలింది.

దీనికి ఒక పద్ధతి చెబుతాను. గదిలో ఉన్నవాళ్ళంతా ఒక శుక్రవారం కూర్చుని మూడు విషయాలు తేల్చుకోండి. ఒకరి జీతం సంగతి ఇంకొకరు ఊరికి చెప్పకూడదు. మెస్ లెక్క ప్రతి నెలా గోడ మీద అతికించాలి. ఎవరికి ఎవరి మీద కోపం వచ్చినా ముందు వాడికే చెప్పాలి, వాట్సాప్ గ్రూపులో కాదు. అంతే. కడప, గోదావరి, పాలమూరు అంటూ యాస మీద వెక్కిరింతల సంగతి కూడా అప్పుడే తేల్చండి. నవ్వించేది ఎక్కడ ఆగి నొప్పించేది ఎక్కడ మొదలవుతుందో, పడేవాడు చెబితేనే తెలుస్తుంది.

6. పైవాడితో మాట్లాడేముందు రూలు తెలుసుకోండి

రూలు తెలియని మనిషి బతిమాలతాడు, లేదా అరుస్తాడు. తెలిసిన మనిషి అడుగుతాడు. కువైట్ ప్రైవేటు రంగ కార్మిక చట్టం 2010 నాటిది. రోజుకు 8 గంటలు, వారానికి 48. అదనపు పని చేయించాలంటే రాతపూర్వకంగా చెప్పాలి, రోజుకు రెండు గంటలు మించకూడదు, మామూలు రోజున ఆ గంటకు 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు. ఇవి తెలిస్తే, "సార్, నాకు అన్యాయం జరుగుతోంది" అనే బదులు "సార్, పోయిన నెల నా అదనపు గంటలు 22, స్లిప్పులో 10 ఉన్నాయి, ఒకసారి చూస్తారా?" అనగలుగుతారు. రెండో వాక్యానికి కోపం తెచ్చుకోవడం ఎవరికైనా కష్టం.

చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, గంటలు, ఎవరు ఏం చెప్పారు, అంతే రాయండి. తిట్లు రాయకండి.

2025 జూలై 1 నుంచి ప్రైవేటు కంపెనీ వీసా మీద ఉన్నవాళ్ళు దేశం దాటాలంటే యజమాని ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి. అందుకని మందూబ్‌తో, అంటే కంపెనీ తరఫున ప్రభుత్వ కాగితాలు చూసే మనిషితో, ఆఫీసువాళ్ళతో సంబంధం చెడగొట్టుకోకండి. సెలవు కావాలంటే నెల ముందే అడగండి, ప్రభుత్వ సేవల సహెల్ యాప్ వాడటం నేర్చుకోండి. అవసరం పడ్డ రోజునే పలకరించే మనిషిగా ఉండకండి.

ఆఫీసుల్లో పని చేసేవాళ్ళకు ఒక మాట. మీరు తయారు చేసిన రిపోర్టును పక్కవాడు తన పేరుతో చూపించుకుంటున్నాడా? గొడవ వద్దు. ఈసారి పంపేటప్పుడు "నిన్న నేను తయారు చేసిన రిపోర్టు జత చేస్తున్నాను" అని మేనేజరుకు కూడా కాపీ పెట్టండి. రెండుసార్లు పెడితే చాలు.

7. "నువ్వు మా ఇంటి మనిషివి" అన్నప్పుడు

ఇది ఇళ్ళల్లో పని చేసే అక్కచెల్లెళ్ళకు. ఫహాహీల్‌లోనో, ఫింతాస్‌లోనో ఒక ఇంట్లో మీరు ఒక్కరే. ఇంటావిడను మామా అంటారు, ఆయనను బాబా అంటారు. పిల్లలు మీ చేతిలోనే పెరుగుతారు. నిజంగా ప్రేమగా చూసే ఇళ్ళు చాలా ఉన్నాయి. పండుగకు బంగారం పెట్టినవాళ్ళనూ, జబ్బు చేస్తే పక్కన కూర్చున్నవాళ్ళనూ నేను ఎరుగుదును. కానీ "ఇంటి మనిషివి కదా" అన్న మాట మీ నిద్రనూ, వారానికో సెలవునూ మింగేస్తుంటే ఆ ప్రేమను కాస్త పరీక్షించాలి. ఇంటి మనిషికి ఒంట్లో బాగోలేకపోతే పడుకోనిస్తారు కదా?

2015లో వచ్చిన ఇంటి పనివారి చట్టం ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లుగా నిర్ణయించారు. ఇవన్నీ ఒకేసారి అడగకండి. మొదట సెలవు రోజు అడగండి, అదీ ఇంట్లో అందరూ ప్రశాంతంగా ఉన్న వేళ. "మామా, శుక్రవారం మధ్యాహ్నం నాకు నాలుగు గంటలు కావాలి, ఇంటికి ఫోన్ చేసుకుంటాను." ఒక్క మెట్టు ఎక్కితే రెండోది సులువు. మీ పాస్‌పోర్టు, సివిల్ ఐడీ ఫొటోలు మీ ఫోన్‌లోనే కాక ఊళ్ళో నమ్మకమైన ఒకరి ఫోన్‌లో కూడా ఉంచండి. ఇది ఈ రోజే చేయండి.

ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో పని చేసే ఆడవాళ్ళకూ ఒక మాట. చనువు తీసుకునేవాడు మొదట జోకుతో మొదలుపెడతాడు. మీరు నవ్వకపోతే "సరదాకి అన్నాను" అంటాడు. మొదటిసారే "నాకు ఈ మాట నచ్చలేదు" అని మెల్లగా, కళ్ళలోకి చూసి చెప్పండి. రెండోసారి రాసి పెట్టుకోండి, మూడోసారి పైకి తీసుకెళ్ళండి. కువైట్ ప్రైవేటు కంపెనీల్లో పని చోట లైంగిక వేధింపులను 2021లోనే నిషేధించారు. మీరు ఓర్చుకోవాల్సిన పని లేదు. తప్పు మీ చున్నీది కాదు, మీ నవ్వుదీ కాదు.

8. మీరే ఫోర్మన్ అయ్యాక

కోడలిగా పడ్డదంతా అత్తయ్యాక కొత్త కోడలి మీద తీర్చుకున్నట్టు, "మేం పడలేదా? వాడూ పడాలి" అనే మాట మన నోట వస్తుంది. ఆ మాట వచ్చిన రోజే జాగ్రత్తపడండి. మీ కింద ఉన్నవాళ్ళు మీకు చెడ్డ వార్త తెస్తున్నారా? బోల్టు విరిగిందని, కొలత తప్పిందని మీకు ముందే చెబుతున్నారా? అందరూ "ఓకే బాస్, మాఫీ ముష్కిల్" (ఏ ఇబ్బందీ లేదు) అని మాత్రమే అంటుంటే మీ సైటులో అంతా బాగున్నట్టు కాదు. వాళ్ళకు మీరంటే భయం ఉన్నట్టు.

రోజూ పొద్దున ఒక ప్రశ్న అడగండి: "ఈ రోజు పనిలో మీకు నచ్చనిది ఏముంది?" మొదటి వారం ఎవరూ పలకరు. ఓపిక పట్టండి. ఎవడో ఒకడు చిన్న విషయం చెబుతాడు. ఆ చిన్న విషయాన్ని ఆ రోజే సరిచేయండి. రెండో నెలకు పెద్ద విషయాలు వస్తాయి.

బంధం బాగుపడదని తేలిపోతే?

కొన్ని బాగుపడవు. చెయ్యి చేసుకునేవాడితో, నెలల తరబడి జీతం ఇవ్వనివాడితో సర్దుకుపోవడం మంచితనం కాదు. అప్పుడు కూడా మనవాళ్ళు చేసే పెద్ద తప్పు ఖల్లివల్లి అయిపోవడం, అంటే చెప్పకుండా వదిలేసి బయట దొరికిన పని చేసుకోవడం. పారిపోయారని మీ మీద కేసు పడితే, అకామా, అంటే నివాస అనుమతి, పోయి, న్యాయం మీ వైపే ఉన్నా నేరం మీ పేరు మీద ఉంటుంది. ముందు షూన్‌లో, అంటే కార్మిక శాఖలో ఫిర్యాదు ఇవ్వండి. ఇంటి పనివాళ్ళకు విడిగా విభాగం ఉంది. భారత రాయబార కార్యాలయానికి వెళ్ళండి. భాష రాదని భయపడకండి, తెలుగు సంఘాలవాళ్ళలో తోడు వచ్చేవాళ్ళు ఉన్నారు. వెళ్ళేటప్పుడు ఆ నోటు పుస్తకం తీసుకెళ్ళండి. ఆ రోజు మీ తరఫున మాట్లాడేది అదే.

ఇక చివరిగా, నా మనసులో ఎప్పుడూ మెదిలే ఒక రోజు గురించి. 2024 జూన్ 12 తెల్లవారుజామున, ఇదే అహ్మది గవర్నరేటులోని మంగాఫ్‌లో, కార్మికులు ఉండే భవనం అంటుకుంది. దాదాపు 50 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది మన దేశంవాళ్ళు. ఎక్కువమంది కేరళవాళ్ళు, ముగ్గురు మన ఆంధ్రవాళ్ళు. కలిసి పని చేసి, కలిసి తిని, ఒకే కప్పు కింద నిద్రపోయిన మనుషులు.

ఆ రోజు తర్వాత నేను ఏ గదికి వెళ్ళినా ఒకటే అడుగుతున్నాను. మీ పక్క బెడ్డు మనిషి ఇంటి ఫోన్ నంబరు మీ దగ్గర ఉందా? ఆయన రక్తం గ్రూపు తెలుసా? రాత్రి పొగ వస్తే ఎవరు ఎవరిని లేపాలో అనుకున్నారా? చాలా గదుల్లో జవాబు రాదు. మూడేళ్ళుగా ఒకే గదిలో ఉన్నవాళ్ళు, ఉప్పు దగ్గర తగువు పడి మాట్లాడుకోవడం మానేసినవాళ్ళు, ఒకరి ఇంటి నంబరు ఒకరికి తెలియకుండానే పడుకుంటున్నారు.

మీరు ఎవరితోనైనా మాట్లాడటం మానేసి ఉంటే, ఈ రాత్రి దీపం ఆర్పేముందు ఆ నంబరు అడిగి రాసుకోండి. మీదీ ఇవ్వండి.